ఆ గోడ ఉన్నట్టా, లేనట్టా: ఆటల లోకాలకు ప్రమాణం ఏది?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుడి ఇంటి డాబా మీద ఆదివారం సాయంత్రాలు ఐదుగురం కలిసి డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం; తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. వానలకు ముందు ఒక ఆదివారం మా ఆటలో ఒక పాత్ర చనిపోయింది. అతడొక కిరాయి సైనికుడు; బతికినంత కాలం ఏ దేవుడికీ మొక్కనివాడు, మొక్కనని నలుగురిలో చెప్పుకున్నవాడు. మా కథ ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత ప్రపంచంలో జరుగుతుంది కాబట్టి, అతడి ఆత్మ ఎక్కడికి చేరుతుందన్న ప్రశ్న వెంటనే పుట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడు, "గోడలోకే పోతాడన్నా, అక్కడ ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లందరి గతీ అదే" అన్నాడు. రుషికొండలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడు, "ఆ గోడ ఇప్పుడు లేదు తమ్ముడూ, ఆ వాక్యాన్ని పుస్తకంలోంచి తీసేశారు కదా" అన్నాడు. పాచికలు పక్కన పెట్టి మొదలుపెట్టిన ఆ వాదం డాబా దిగి, లాసన్స్ బే దాటి, బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గరకు చేరినా తెగలేదు.

ఇద్దరూ చెప్పినవి సరైన విషయాలే. ఒకరు ఆ లోకంలో ఏముందో చెబుతుంటే, మరొకరు ఆ లోకాన్ని గురించిన పుస్తకంలో ఏముందో చెబుతున్నారు. ఈ రెండు ప్రశ్నలూ వేరన్న సంగతి ఇద్దరికీ తట్టకపోవడం వల్లనే వాదం ముందుకు సాగలేదు. ఆటల లోకాలను గురించి అభిమానుల మధ్య జరిగే తగువులను చాలా ఏళ్లుగా శ్రద్ధగా గమనిస్తున్న నాకు, వాటిలో ఎక్కువ భాగం లోకాన్ని గురించిన తగువులుగా కనిపించవు. అవి ప్రమాణాన్ని గురించిన తగువులు. ఏ మాటను సాక్ష్యంగా తీసుకోవాలి, ఎవరి మాటకు ఎంత బరువు ఇవ్వాలి అన్నది తేలకుండా ఆ లోకం ఎలాంటిదో తేలదు.

ముందుగా ఆ గోడ సంగతి చెప్పాలి. ఫర్గాటెన్ రెల్మ్స్ కెనడా రచయిత ఎడ్ గ్రీన్‌వుడ్ 1960లలో చిన్ననాటి నుంచే ఊహించుకుంటూ వచ్చిన ప్రపంచం; 1987లో అది డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌కు ఒక నేపథ్యంగా పుస్తక రూపంలో వెలువడింది. తరువాత అనేకమంది రచయితలు నవలలుగా, ఆట పుస్తకాలుగా, కంప్యూటర్ గేములుగా దాన్ని పెంచారు. ఆ లోకంలో చనిపోయినవారి ఆత్మలు ఫ్యూగ్ ప్లేన్ అనే బోసిపోయిన మైదానానికి చేరుతాయి. ఏ దేవుడి భక్తులను ఆ దేవుడి దూతలు వచ్చి తీసుకుపోతారు. తమ దేవుడికి ద్రోహం చేసినవారూ, ఏ దేవుణ్ణీ కొలవనివారూ మిగిలిపోతారు. వారికి మృతుల దేవుడు తీర్పు చెబుతాడు. ఏ దేవుణ్ణీ కొలవనివారి ఆత్మలను అతడి నగరం చుట్టూ ఉన్న గోడలో ఇటుకలుగా పేర్చేస్తారు; అవి కాలక్రమాన కరిగి, తాము ఎవరో కూడా తెలియకుండా పోతాయి. మిర్కుల్ అనే పాత మృత్యుదేవత కట్టించిన ఈ గోడ విషయంలో, తరువాత ఆ పదవికి వచ్చిన కెలెమ్వోర్ మొదట దయ చూపాడనీ, మంచితనాన్ని బట్టి తీర్పులు చెప్పాడనీ, దానితో మనుషులకు దేవతల అవసరమే తగ్గిపోతోందని మిగతా దేవతలు అభ్యంతరం చెప్పగా పాత పద్ధతికి తిరిగివచ్చాడనీ 1990ల నాటి నవలలు చెబుతాయి.

2007లో వచ్చిన 'మాస్క్ ఆఫ్ ద బిట్రేయర్' అనే కంప్యూటర్ గేమ్ కథంతా ఈ గోడ చుట్టూ తిరుగుతుంది. గోడలో చిక్కిన తన ప్రియురాలి కోసం దేవుడి మీదే దండెత్తిన ఒక పూజారి కథ అందులో ఉంది. ఆట ముగిసేసరికి ఆడేవారికి ఆ గోడ మీద కోపం రాకమానదు. అయినా దాన్ని కూల్చే అవకాశం మాత్రం ఆట ఇవ్వదు. 2015లో వచ్చిన డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ పుస్తకం ఒకటి ఈ గోడను ఒక వాక్యంలో ప్రస్తావించింది. 2020లో ప్రచురణకర్తలు విడుదల చేసిన సవరణల పట్టికలో ఆ వాక్యాన్ని తొలగించారు. దాని స్థానంలో మరో వాక్యం పెట్టలేదు. గోడ కూలిందనలేదు, ఎన్నడూ లేదనలేదు.

ఒక వాక్యం లేకపోవడానికి అర్థం ఏమిటి? ఆ లోకంలో గోడ ఇప్పుడు లేదనుకోవచ్చు. అసలు ఎన్నడూ లేదనుకోవచ్చు. ఉంది కానీ దాన్ని గురించి మాట్లాడటం మానేశారనుకోవచ్చు. మూడింటికీ అవకాశం ఉంది, మూడింటిలో ఏదీ ఆ తొలగింపు నుంచి నేరుగా రాదు. నేను గమనించినంతలో, ఈ తగువులో గట్టిగా మాట్లాడేవారందరూ ఈ మూడింటిలో ఒకదాన్ని ముందే మనసులో ఎంచుకుని, అదే పుస్తకం చెప్పిందన్నట్టు వాదిస్తారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న పద్ధతి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఆటల లోకాల తగువులకు ఈ విభజన ఎంతగా సరిపోతుందో చూసి నేను మొదట ఆశ్చర్యపోయాను. ఆటలో మన కళ్ల ముందు జరిగింది ప్రత్యక్షం. జరిగినదాని నుంచి తర్కించి తేల్చుకున్నది అనుమానం. ఒక లోకాన్ని బట్టి దానిలాంటి మరో లోకాన్ని అర్థం చేసుకోవడం ఉపమానం. మిగిలినదంతా శబ్దమే: నియమాల పుస్తకం, నవల, ఆటలో దొరికే గ్రంథం, ఒక పాత్ర చెప్పిన మాట, నిర్మాత ఇచ్చిన ఇంటర్వ్యూ. శబ్దం ప్రమాణం కావాలంటే అది ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి, వాక్యం కావాలి. అభిమానులు తర్కంలో పెద్దగా పొరబడరు. ఎవరు ఆప్తుడన్న దగ్గర విడిపోతారు.

శ్రుతి, స్మృతి, పురాణాలకు మధ్య విరోధం వస్తే శ్రుతినే పట్టుకోవాలని మన పెద్దలు ఒక మెట్ల వరుస పెట్టుకున్నట్టే, ఆటల అభిమానులు కూడా మెట్లు కట్టుకున్నారు. దానికి వారు వాడే మాట కేనన్. క్రైస్తవ మతంలో ప్రామాణిక గ్రంథాల సమాహారానికి వాడే ఈ మాటను కల్పిత సాహిత్యానికి తీసుకురావడంలో, షెర్లాక్ హోమ్స్ కథల మీద 1911లో రొనాల్డ్ నాక్స్ చదివిన వ్యాసానికి పెద్ద పాత్ర ఉంది. డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ విషయంలో 2021లో ప్రచురణకర్తలు తమ మెట్ల వరుసను బహిరంగంగా ప్రకటించారు: ఐదో ఎడిషన్‌కు సంబంధించి, 2014 నుంచి ఆ ఆట పుస్తకాల్లో వచ్చిందే ప్రమాణం, నవలలూ, కంప్యూటర్ గేములూ, పాత ఎడిషన్లూ ఆట రచయితలను కట్టివేయవు. ముప్ఫై ఏళ్లుగా నవలలు చదివి ఆ లోకాన్ని మనసులో కట్టుకున్నవారికి ఈ ప్రకటన గాయంగా తగిలింది. నా అభిప్రాయంలో ఆ నియమం రచయితల పనికి అవసరమైనదే. కొత్త రచయిత వందల నవలలు చదివితే తప్ప ఒక పేజీ రాయకూడదంటే పుస్తకమే రాదు. కానీ ఆ నియమం పాఠకుల మీద వేసింది కాదు. ఈ తేడా గుర్తిస్తే మా డాబా మీది తగువులో సగం చల్లారుతుంది.

మిగిలిన సగం విశ్వనిర్మాణానిది, అది మరింత చిక్కైనది. డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌ను 1974లో ప్రచురించిన ఇద్దరు రూపకర్తలలో ఒకరైన గ్యారీ గైగాక్స్, 1977లో ఒక పత్రికా వ్యాసంలో లోకాల అమరికను వివరించాడు. మరుసటి ఏడాది అది నియమాల పుస్తకానికి అనుబంధంగా చేరింది. తరువాత 'గ్రేట్ వీల్' అన్న పేరుతో స్థిరపడిన ఆ అమరికలో మంచి-చెడు, క్రమం-అరాజకం అనే రెండు జంటల కలయికలను బట్టి బాహ్యలోకాలు ఒక చక్రంలా కూర్చబడ్డాయి: చుట్టూ పదహారు, నడుమ తటస్థమైనది ఒకటి. నీ స్వభావం ఏదో నీ పరలోకం అదే. 1987లో జెఫ్ గ్రబ్ రాసిన పుస్తకం ఈ చక్రాన్ని విస్తరించింది. 1994లో వచ్చిన ప్లేన్‌స్కేప్ అనే మరో నేపథ్యం ఆ చక్రాన్నే జనం తిరిగే ఊరుగా, వీధులుగా మార్చింది.

ఇక్కడి నుంచి చిక్కు మొదలవుతుంది. 2001లో మూడో ఎడిషన్ ఫర్గాటెన్ రెల్మ్స్ పుస్తకం వచ్చినప్పుడు, ఆ ప్రపంచానికి చక్రం లేదు, ఒక మహావృక్షం ఉంది, దేవలోకాలు దాని కొమ్మల మీద ఉన్నాయి అన్నారు. కథలో ఏ ఉత్పాతమూ జరగలేదు. ఎప్పుడూ అలాగే ఉన్నట్టు రాశారు. 2008లో నాలుగో ఎడిషన్‌తో చక్రం, చెట్టు రెండూ పోయి, పైన తేలే దేవలోకాలతో ఒక సూక్ష్మసముద్రం, కింద పంచభూతాల అల్లకల్లోలం ఉన్న కొత్త అమరిక, అక్షం అన్న పేరుతో, వచ్చింది. ఈసారి ఫర్గాటెన్ రెల్మ్స్ కథలో కారణం చెప్పారు: మంత్రవిద్యకు అధిదేవత అయిన మిస్ట్రా హత్యతో స్పెల్‌ప్లేగ్ అనే ఉపద్రవం పుట్టి లోకాలను చెదరగొట్టిందనీ, ఆపైన దాదాపు ఒక శతాబ్దం గడిచిపోయిందనీ. 2014లో ఐదో ఎడిషన్ మళ్లీ చక్రాన్ని తెచ్చింది. నాలుగో ఎడిషన్‌లో పేరు తెచ్చుకున్న ఫేవైల్డ్, షాడోఫెల్ అనే ప్రతిబింబ లోకాలను మాత్రం ఉంచుకుంది. చక్రం, చెట్టు, అక్షం వంటివన్నీ లోకాల అమరికను ఊహించుకునే నమూనాలుగా ఆట నడిపేవారి ముందు పెట్టింది.

ఈ మార్పులను ఒకే గాటన కట్టడం సరికాదని నా వాదన. 2001లో మారింది పటం; 2008లో మారింది లోకం. లోకం మారినప్పుడు పాత పుస్తకం అబద్ధం కాదు, పాతకాలపు చరిత్ర అవుతుంది. పటం మారినప్పుడు, పాత పుస్తకమూ కొత్త పుస్తకమూ ఒకే కాలాన్ని గురించి రెండు మాటలు చెబుతున్నాయి కాబట్టి, రెండింటినీ సమన్వయించాల్సిన భారం పాఠకుడి మీద పడుతుంది. అయినా అభిమానుల కోపం ఎక్కువగా 2008 మీదనే కురిసింది. ఎందుకంటే ఆ మార్పు వారికి తెలిసిన మనుషులనూ ఊళ్లనూ తుడిచిపెట్టింది. అది బాధే, నాకూ ఆ బాధ ఉంది. కానీ అది తర్కదోషం మీది బాధ కాదు.

మన పురాణాలు చదివినవారికి ఈ చిక్కు కొత్తది కాదు. జంబూద్వీపం, దాని నడుమ మేరువు, చుట్టూ ఉప్పు, చెరకురసం, సుర, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ల సముద్రాలు, పైన ఏడు కింద ఏడు లోకాలు అన్న చట్రం స్థూలంగా ఒకటే అయినా, పురాణానికి పురాణానికి వివరాలు మారతాయి. వంశావళులు పొసగవు, ఒకే దేవత పుట్టుక రెండు చోట్ల రెండు విధాలుగా ఉంటుంది. వీటిని ప్రవచనం చెప్పే పండితుణ్ణి అడిగితే, ఒక్క మాటలో 'కల్పభేదం' అంటాడు. ఆ కల్పంలో అలా జరిగింది, ఈ కల్పంలో ఇలా జరిగింది, రెండూ సత్యమే. ఏ గ్రంథాన్నీ తోసిపుచ్చకుండా అన్నిటినీ నిలబెట్టే ఈ ఉపాయాన్ని మన వాళ్లు ఎన్నో శతాబ్దాలుగా వాడుతున్నారు.

దీనికి అతి దగ్గరగా వచ్చిన ఆటలు ఎల్డర్ స్క్రోల్స్ అనే కంప్యూటర్ గేముల వరుసలోవి. 1996లో వచ్చిన 'డాగర్‌ఫాల్'లో ఒక మహాయంత్రాన్ని నడిపే వస్తువును ఎవరి చేతికి ఇస్తామన్నదాన్ని బట్టి ఆట వేర్వేరు విధాలుగా ముగుస్తుంది. తరువాతి ఆటకు ఏ ముగింపు నిజమని తీసుకోవాలి? నిర్మాతలు అన్ని ముగింపులూ జరిగాయన్నారు. ఆ లోకంలో కాలానికి అధిదేవత అకటోష్ అనే డ్రాగన్. ఆ డ్రాగన్ విరిగినప్పుడు కాలం చీలి, పొసగని సంఘటనలన్నీ ఒకేసారి జరిగి, మళ్లీ అతుక్కుంటాయి. దీన్ని డ్రాగన్ బ్రేక్ అంటారు. 2002లో వచ్చిన 'మారోవిండ్'లోనూ, 2006లో వచ్చిన 'ఆబ్లివియన్'లోనూ దొరికే గ్రంథాలు దీన్ని ఆ లోకపు మనుషుల నోటనే వివరిస్తాయి. ఈ ఆటల అభిమానులు లోకచక్రాన్ని 'కల్ప' అన్న మాటతోనే పిలుస్తారు. 2011 నాటి 'స్కైరిమ్'లో ప్రపంచాన్ని మింగడానికి వచ్చే ఆల్డుయిన్‌ను ఆ చక్రానికి ముగింపు పలికేవాడిగా చెప్పుకుంటారు.

అయితే కల్పభేదానికీ డ్రాగన్ బ్రేక్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కల్పభేదం పొసగని కథలను వేర్వేరు కాలాల్లో పెట్టి విడదీస్తుంది. అందువల్ల ఒక్కో కథ తనలో తాను పొసగే ఉంటుంది. డ్రాగన్ బ్రేక్ వాటన్నిటినీ ఒకే కాలంలో, ఒకే చోట కలిపేస్తుంది. మొదటిది గ్రంథాలను రక్షించే ఉపాయమైతే, రెండోది ఆ లోకంలోనే జరిగిన ఒక సంఘటన. దాన్ని చూసినవారు ఉన్నారు, దాని వల్ల నష్టపోయినవారు ఉన్నారు. అందువల్ల దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడకూడదు. ఏ రెండు వాక్యాలు పొసగకపోయినా డ్రాగన్ బ్రేక్ అనేస్తే, ఇక ఏ సాక్ష్యానికీ విలువ ఉండదు, వాదానికే చోటుండదు. ఆ లోకాన్ని ప్రేమించేవారే దాన్ని ఇలా పలచబరచడం చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది.

ఈ ఆటల అసలు బలం మరోచోట ఉంది. వాటిలో విశ్వాన్ని గురించి చెప్పే ప్రతి మాటకూ ఒక వక్త ఉంటాడు. లోర్ఖాన్ అనే దేవుడు మర్త్యలోకం పుట్టడానికి కారణమయ్యాడన్నది అందరూ ఒప్పుకుంటారు. ఎల్ఫ్ జాతి గ్రంథాలు దాన్ని మోసమనీ, తమను దివ్యత్వం నుంచి పడదోసిన ద్రోహమనీ అంటే, మనుషుల గ్రంథాలు అదే పనిని వరమంటాయి. సూర్యుడు ఒక గోళం కాదు, సృష్టిని విడిచి పారిపోయిన మాగ్నస్ ఆకాశానికి చేసిన చిల్లు అంటారు. ఆ మాట కూడా ఎవరో చెప్పిందే. సిరోడీల్ అనే దేశం సంగతి ఇంకా చక్కని ఉదాహరణ. 1998 నాటి చిన్న పుస్తకంలో అది దట్టమైన ఉష్ణారణ్యం. 2006 నాటి ఆటలో చూస్తే పచ్చిక మైదానాలు, చల్లని అడవులు. చక్రవర్తి టాలోస్ దైవత్వంతో ఆ అరణ్యాన్ని మార్చేశాడని 'స్కైరిమ్'లో ఒక పూజారి వీధిలో నిలబడి అరుస్తాడు. 2014లో మొదలైన ఆన్‌లైన్ ఆటలో ఒక పండితుడు, పాత ప్రతిలో 'అరణ్యం' అన్నది లేఖక దోషం అయి ఉంటుందని రాస్తాడు. ఒకరిది మహిమ, మరొకరిది లేఖక దోషం. రెండూ తాళపత్రాలను పరిష్కరించిన మన పండితులకు బాగా తెలిసిన వాదాలే. ఆట బయటి కారణం మాత్రం సులువు: 2006 నాటి నిర్మాతలు వేరే నేలను ఎంచుకున్నారు.

ఈ లోపలి కారణాన్నీ బయటి కారణాన్నీ కలపకూడదన్నదే నేను అన్నిటికంటే ముందు చెప్పదలచిన మాట. మన విశాఖపట్నం పేరు సంగతే తీసుకుందాం. కాశీయాత్రకు పోతూ ఇక్కడ విడిది చేసిన ఒక ఆంధ్రరాజు తన ఇలవేలుపు వైశాఖేశ్వరుడికి గుడి కట్టించాడనీ, ఆ గుడిని లాసన్స్ బే దగ్గర సముద్రం ముంచేసిందనీ, ఊరికి ఆ పేరే మిగిలిందనీ పెద్దలు చెబుతారు. శాసనాలను చూస్తే ఈ పట్టణానికి కులోత్తుంగచోళ పట్టణం అన్న పేరు కనిపిస్తుంది. ఐతిహ్యం ఒక రకం సాక్ష్యం, శాసనం మరో రకం సాక్ష్యం. ఒకదాన్ని చూపి మరొకదాన్ని కొట్టేయడానికి ముందు, ఏది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూడాలి.

వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేముల లోకంలో ఈ జాగ్రత్త తప్పింది. 2002 నాటి మూడో ఆట పుస్తకం ప్రకారం సార్గెరస్ అనే దివ్యయోధుడు ఎరెడార్ అనే రాక్షసజాతి సావాసంతో చెడిపోయాడు. 2007లో వెలువడిన విస్తరణకు వచ్చేసరికి ఎరెడార్‌లు మంచివారు, వారిని చెడగొట్టింది సార్గెరస్సే. ఈ విరోధం 2005లోనే బయటపడినప్పుడు కథారచయిత క్రిస్ మెట్జెన్ అది తన పొరపాటేనని అభిమానులకు నేరుగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. 2016లో ఆ విశ్వానికి ప్రామాణిక చరిత్రగా, లోకాల పటంతో సహా 'క్రానికల్' అనే గ్రంథాన్ని తెచ్చారు. 2020లో షాడోలాండ్స్ అనే విస్తరణ చెప్పిన కథ దానితో పూర్తిగా పొసగలేదు. అప్పుడు రచనాబృందం, 'క్రానికల్' టైటన్లు అనే దివ్యజాతి దృష్టి నుంచి చెప్పినది అంది. 2021లో మరో దృష్టి నుంచి మరో పటం వచ్చింది.

ఎల్డర్ స్క్రోల్స్ చేసిందీ ఇదే కదా అని ఎవరైనా అడగవచ్చు. తేడా కాలక్రమంలో ఉంది. ఆ ఆటల్లో ప్రతి గ్రంథం మీదా రాసినవాడి పేరు, జాతి, పక్షపాతం మొదటి రోజు నుంచే కనిపిస్తాయి. పాఠకుడు ఆ సంగతి తెలిసే చదువుతాడు. 'క్రానికల్'ను మొదట వక్త లేని సత్యంగా అమ్మి, తరువాత దానికి ఒక వక్తను అంటించారు. శబ్దప్రమాణంగా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుని, అది ఒకరి అభిప్రాయం అనడం పాఠకుడికి ఇచ్చిన మాట తప్పడమే. ఈ విషయంలో అభిమానుల ఫిర్యాదు న్యాయమైనది.

అభిమానుల జ్ఞాపకమే నిర్మాతల జ్ఞాపకాన్ని మించిన సందర్భమూ వార్‌క్రాఫ్ట్‌లోనే ఉంది. 2010లో బ్లిజ్‌కాన్ అనే ఆ ఆట నిర్మాతల సభలో ఎర్ర చొక్కా తొడుక్కున్న ఒక అభిమాని, మరుగుజ్జుల మండలిలో ఫాల్‌స్టాడ్ అనే నాయకుడు ఎందుకు లేడని అడిగాడు. అతడు చనిపోయాడు కదా అన్నారు వేదిక మీదివారు. చనిపోలేదని ఆ అభిమాని వివరంగా చెప్పాడు. ఆ తరువాత ఆటలో ఫాల్‌స్టాడ్‌ను సరైన చోట పెట్టారు. పక్కన ఎర్ర చొక్కాతో నిజనిర్ధారకుడు అనే ఒక చిన్న మరుగుజ్జు పాత్రనూ నిలబెట్టారు. ఆప్తుడు అంటే హక్కులు ఉన్నవాడే కానక్కరలేదని అక్కడ ఒప్పుకున్నట్టయింది.

హక్కుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. లోకాలు కథ కోసమే మారవు. 2023 మొదట్లో డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ లైసెన్సు మీద పెద్ద వివాదం రేగాక, ఆ లైసెన్సు మీద ఆధారపడిన పాత్‌ఫైండర్ అనే మరో ఆట తన నియమాలను తిరిగి రాసుకుంది. మంచి-చెడు, క్రమం-అరాజకం అనే కొలతనే తీసేసింది. ఆ కొలత మీద నిలిచిన దేవతలనూ పరలోకాలనూ కొత్త మాటల్లో చెప్పుకోవాల్సి వచ్చింది. దానికి ఆ లోకం లోపల కారణం వెతకడం వృథా ప్రయాస. కారణం న్యాయవాదుల దగ్గర ఉంది.

ఎవరు ఎవరిని ఓడిస్తారన్న లెక్కల కోసం విశ్వనిర్మాణాన్ని వాడే వాదాలు కూడా ఉన్నాయి. మా లోకంలో అనంత విశ్వాలున్నాయి కాబట్టి మా దేవుడే గొప్ప, మా లోకంలో అంతకుమించిన తలాలున్నాయి కాబట్టి మా వాడే గొప్ప అంటూ, తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడన్నట్టు అవి సాగుతాయి. ఒక లోకంలో 'అనంతం' అన్న మాట కవి వర్ణన, మరో లోకంలో నియమాల లెక్క. రెండింటినీ ఒకే తూకంలో వేయడం కుదరదు. మీమాంసకులు స్తుతివాక్యాన్ని అర్థవాదమని వేరు చేసి, దాన్ని అక్షరార్థంగా పట్టుకోకూడదన్నారు. ఆ ఒక్క జాగ్రత్త తీసుకుంటే ఈ వాదాల్లో మిగిలేది తక్కువే.

కావ్యాల లోకాలకూ ఆటల లోకాలకూ ఉన్న ఒక తేడాను గురించి మాత్రం నేను ఎంతసేపైనా మాట్లాడగలను. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు. 'అవాల్మీకం' అన్న మాట మనకు ఉండనే ఉంది, అయినా తెలుగువాడు ఆ కథలను వదులుకోలేదు. అక్కడ మూలానికి లేనిది జనం చేర్చుకున్నారు. ఆటలో జరిగేది వేరు: ఆడినవాడు ఆ సంఘటనను తన చేతులతో జరిపించాడు. 1998లో వచ్చిన 'బాల్డర్స్ గేట్' అనే ఫర్గాటెన్ రెల్మ్స్ కంప్యూటర్ గేమ్‌లో కథానాయకుడు ఎవరన్నది ఆడేవారి ఇష్టం. ఒకరికి అతడు మంత్రగాడు, మరొకరికి ఆమె పూజారిణి. 1999లో వచ్చిన నవల మాత్రం అతడు ఆబ్డెల్ ఎడ్రియన్ అనే యోధుడంది. 2013లో ప్రచురించిన ఒక సాహసకథ ఆ పేరునే చరిత్రగా తీసుకుని, అతణ్ణి చంపేసింది కూడా. ఆడినవాడికి తన కథ ప్రత్యక్షం. ప్రచురణకర్త ఇచ్చింది శబ్దం. నువ్వు కళ్లారా చూసినది జరగలేదు, మేం చెప్పినది జరిగింది అని ఒక పుస్తకం చెబితే మనిషి ఊరుకోలేడు. నవలల అభిమానుల తగువుల కంటే ఆటల అభిమానుల తగువులు ఎక్కువ వేడిగా ఉండటానికి ఇదే కారణమని నేను నమ్ముతాను. 'డాగర్‌ఫాల్' ముగింపులన్నిటినీ నిలబెట్టినవారు ఈ సంగతి గ్రహించారు. ఆడినవాడి ప్రత్యక్షాన్ని కొట్టేయకుండా తమ శబ్దాన్ని నడిపించారు.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటల్లో ఇది మరింత దూరం పోతుంది. ముద్రించిన ఫర్గాటెన్ రెల్మ్స్‌లో ఎవరూ ఆడరు. ఎంవీపీ కాలనీ డాబా మీద ఉన్నది ఒకటి, గాజువాకలోనో మద్దిలపాలెంలోనో మరో నలుగురు ఆడుతుంటే వారిది ఇంకొకటి. ప్రతి బల్ల దగ్గరా ఆట నడిపేవాడు పుస్తకం నుంచి కొంత తీసుకుంటాడు, కొంత వదిలేస్తాడు. ఆ సైనికుడు చనిపోయిన రోజున మేం అడగవలసింది పుస్తకంలో గోడ ఉందా అని కాదు. మేం ఏడాదిగా ఆడుతున్న కథలో, ఇప్పటివరకు బల్ల మీద ఎవరైనా గోడను చూశారా, దాన్ని గురించి విన్నారా అని.

వెనక్కి తిరిగి చూసుకుంటే, ఒక్కసారి విన్నాం. ఒక ముసలి పూజారి భయపెట్టడానికి ఆ మాట అన్నాడు.

తరువాతి ఆదివారం ఆట నడిపే మిత్రుడు ఆ సైనికుడి ఆత్మను ఫ్యూగ్ ప్లేన్ మైదానంలో నిలబెట్టాడు. దూరంగా నగరం ఉంది, దాని చుట్టూ పొగమంచు. కెలెమ్వోర్ కొలువులోని లేఖకుడు ఒకడు పేరు రాసుకోవడానికి వచ్చాడు. "గోడ ఎక్కడ?" అని అడిగాడు సైనికుడి పాత్రధారి. "ఇక్కడ ఏ గోడా లేదు" అన్నాడు లేఖకుడు. ఆత్మలను బేరమాడటానికి ఆ మైదానంలో తిరిగే దయ్యం ఒకటి దగ్గరకు వచ్చి, "ఆ మంచు వెనకే ఉంది, నాతో వస్తే తప్పించుకుంటావు" అంది. ఒకరిది కొలువు చేసేవాడి మాట, మరొకటి బేరం కోసం వచ్చినదాని మాట. మంచు విడిపోలేదు. రుషికొండ మిత్రుడు దయ్యం మాటలో లాభం ఎవరిదని అడగడం మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ కుర్రవాడు నోట్‌బుక్ తీసి రెండు మాటలూ రాసుకున్నాడు. ఒక్కో మాట పక్కన, అది అన్నది ఎవరో కూడా రాశాడు.